చంపే ముందు వాళ్లని కాసేపు బతకనివ్వండి: చిన్న బడ్జెట్ స్లాషర్ సినిమాలు తీసేవాళ్లకి బహిరంగ లేఖ

చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బుతో, పేరున్న నటులెవరూ లేకుండా, ఒక ఇల్లో అడవో చూసుకుని, ఒక మాస్కూ ఒక కత్తీ సమకూర్చుకుని స్లాషర్ సినిమా, అంటే ఒక హంతకుడు మనుషుల్ని ఒక్కొక్కళ్లనే వేటాడి చంపే సినిమా, తీస్తున్న దర్శకులందరికీ,

నమస్కారం. మీ సినిమాలు వదలకుండా చూసేవాళ్లలో నేనూ ఒకరిని. మీ సినిమా ఏది వచ్చినా రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "రక్తం తప్ప ఏముంది ఇందులో, ఎవరు చూస్తారు ఈ చెత్త" అని ఒక వర్గం కొట్టిపారేస్తుంది. "అంత తక్కువ డబ్బులో తీశారు కదా, పాపం ఏమీ అనకండి" అని ఇంకో వర్గం వెనకేసుకొస్తుంది. నన్నడిగితే మీకు ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ రెండోవాళ్లే. జాలిపడి చూడాల్సిన సినిమాలు కావు ఇవి. బాగా తీస్తే వందల కోట్ల సినిమా కూడా పుట్టించలేని భయాన్ని ఇవి పుట్టిస్తాయి, అది నా కళ్లతో చూశాను కాబట్టే బాగా తియ్యనప్పుడు ఇంత కోపం వస్తుంది. ఆ కోపంతో పాటు ఇష్టం కూడా ఉంది కాబట్టి ఈ ఉత్తరం. ఉదాహరణలకి పాత సినిమాలే తీసుకుంటున్నాను, వాటి కథలు చెప్పేస్తాను, ఇంకా చూడనివాళ్లు చూసుకుని వచ్చి చదవండి.

ముందు మీ బలం గురించి, ఎందుకంటే చాలామందికి తమ బలమేంటో తెలియకుండానే సినిమా అయిపోతోంది. పెద్ద స్టార్ ఉన్న హారర్ సినిమాలో ఆ స్టార్ చివరిదాకా బతుకుతాడని టికెట్ కొన్నప్పుడే తెలిసిపోతుంది. మీ సినిమాలో ఆ భరోసా లేదు. ఆరు కొత్త మొహాలు తెర మీదకొస్తే ఎవరు మిగులుతారో, ఎవరు పావుగంటలో పోతారో ఊహించలేం. ఈ టెన్షన్ డబ్బు పోసి కొనలేరు, పైగా డబ్బు ఎక్కువైతే పోతుంది కూడా. అలాగే ఒకే ఇల్లు, ఒకే రాత్రి, గంటన్నర నిడివి. వీటిని మీరు ఇబ్బందులనుకుంటారు గానీ భయానికి ఇంతకన్నా అనువైన చోటు లేదు. వెళ్లడానికి ఇంకో చోటు లేకపోవడమే కదా పాత్రలకున్న కష్టం.

1978లో జాన్ కార్పెంటర్ 'హాలోవీన్' తీసింది సుమారు 3 లక్షల డాలర్లతో. అమెరికాలోనే 4 కోట్ల 70 లక్షల డాలర్ల దాకా వసూలు చేసింది. ఆ అంకెలు మీకు నిర్మాతలు ఎలాగూ చెప్పే ఉంటారు, ఆ డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టలేదో మాత్రం చెప్పి ఉండరు. హంతకుడి మాస్క్ కోసం శిల్పిని పెట్టుకోలేదు. 'స్టార్ ట్రెక్' టీవీ సీరియల్‌లోని కెప్టెన్ కిర్క్ మొహంతో బజార్లో అమ్ముతున్న మాస్క్‌ని రెండు డాలర్ల లోపు పెట్టి కొని, కనుబొమ్మలూ చెంపల వెంట్రుకలూ పీకేసి, కంటి రంధ్రాలు పెద్దవి చేసి, తెల్లరంగు కొట్టారు. ఆ మాస్క్ వేసుకున్న నిక్ క్యాజిల్‌కి రోజుకి ఇచ్చింది 25 డాలర్లు. కథ జరిగేది అక్టోబర్‌లో, షూటింగ్ మాత్రం కాలిఫోర్నియా వసంతంలో, చెట్లన్నీ పచ్చగా ఉన్నాయి. అందుకని ఎండుటాకుల రంగు వేసిన ఆకుల్ని రోడ్డు మీద చల్లి, షాట్ అయ్యాక మళ్లీ ఏరుకుని ఇంకో వీధిలో చల్లుకునేవాళ్లు. ఇవన్నీ పొదుపు కథలు, అందరికీ ఇష్టమే. నాకు వీటికన్నా ముఖ్యమనిపించేది ఒక షాట్ ఉంది. కథానాయిక లారీ అనే అమ్మాయి ఏడుస్తూ వెనక్కి జరిగి గోడకి ఆనుకుని నిలబడుతుంది, పక్కనే చీకటి గది గుమ్మం. ఆ చీకట్లోంచి తెల్లటి మొహం మెల్లగా తేలుతుంది. నటుడు కదిలి ముందుకి రాలేదు. కెమెరామన్ డీన్ కండీ అతని మీదున్న చిన్న లైటు వెలుగుని కొద్దికొద్దిగా పెంచాడు, అంతే. అతను అప్పుడు వచ్చాడా, మొదట్నుంచీ అక్కడే ఉన్నాడా అన్న అనుమానం మనకి వస్తుంది, ఒళ్లు జలదరించేది ఆ అనుమానానికే. దానికి కావలసింది ఒక లైటు, ఒక మనిషి, చాలా ఓపిక.

ఇక మీ బలహీనత. అసలు చెప్పదలుచుకున్నది ఇదే, మిగతావన్నీ దీని పక్కన చిన్నవి. మీ సినిమాల్లో చనిపోయేవాళ్లు మనుషులుగా ఉండటం లేదు. మొదటి అరగంటలో ఐదారుగురు స్నేహితులు ఒక బండిలో ఎక్కుతారు. ఒకడు జోకులేసేవాడు, ఒకడు కండలవాడు, ఒకమ్మాయికి ఫోన్ తప్ప లోకం లేదు, ఒకమ్మాయి మాట్లాడదు కాబట్టి ఆమే చివరిదాకా మిగులుతుందని మనకి తెలిసిపోతుంది. వాళ్లు అరగంటసేపు ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకుంటారు, ఎందుకో తెలియదు. ఒక్కళ్లకీ ఇంట్లో ఎదురుచూసేవాళ్లు ఉండరు, రేపు పొద్దున చెయ్యాల్సిన పని ఉండదు, ఒక భయం ఉండదు, ఒక అలవాటు ఉండదు. కత్తి దిగేసరికి మనకి ఏమీ అనిపించదు. ఇంకా చెప్పాలంటే 'హమ్మయ్య, ఒకడి గొడవ తగ్గింది' అనిపిస్తుంది. అలా అనిపించిన క్షణంలోనే సినిమా చచ్చిపోయింది, తర్వాత ఇంకో పదిమందిని నరికినా లాభం లేదు. మీలో కొందరు ప్రేక్షకుడు హంతకుడి వైపు ఉండాలనే అలా రాశామంటారు. అది కుంటిసాకు. మనుషుల్ని రాయడం కష్టం, నరకడం తేలిక, మీరు తేలిక పని చేశారు, అంతకుమించి ఏమీ లేదు.

మళ్లీ 'హాలోవీన్' దగ్గరకే వస్తాను, ఎందుకంటే దాన్ని అందరూ కాపీ కొట్టారు గానీ దీన్ని ఎవరూ కొట్టలేదు. ఆ సినిమాలో చనిపోయే మనుషులు ఐదుగురే. మొదటి సీన్‌లో హంతకుడి అక్క, తర్వాత దారిలో ఎక్కడో ఒక డ్రైవర్, అదీ తెర మీద చూపించరు. మిగిలిన ముగ్గురిలో మొదటిది లారీ స్నేహితురాలు యానీ, ఆమె చావు వచ్చేసరికి సినిమా సగం దాటిపోతుంది. అప్పటిదాకా ఆమె ఏం చేసింది? స్నేహితురాలిని ఆటపట్టించింది, బట్టల మీద వెన్న ఒలకబోసుకుంది, బట్టలుతికే గదిలో కిటికీలో ఇరుక్కుపోయింది, తన బాయ్‌ఫ్రెండ్‌ని తీసుకురావడానికి పాట పాడుకుంటూ కారు దగ్గరకి వెళ్లింది. కారు తలుపు లాగితే లాక్ వేసి ఉంది. తాళాలు మర్చిపోయానని వెనక్కి వెళ్లి తెచ్చుకుంది. రెండోసారి తలుపు లాగగానే తెరుచుకుంది, తాళం పెట్టకుండానే. ఆమె అది గమనించలేదు, అదే పాటలో ఉంది. లోపల కూర్చున్నాక ముందు అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టి ఉండటం చూసింది, ఇదేంటి అనుకుని వేలితో తుడిచింది. లోపల ఎవరో ఊపిరి తీస్తున్నారని ఆమెకి అర్థమయ్యేలోపే అయిపోయింది. ఆ తలుపు సంగతి ఆమె కన్నా ముందు మనకి తెలుసు, అరవాలనిపిస్తుంది. ఎందుకంటే ఆ పాటికి ఆమె మనకి పరిచయం. ఇందులో ఖరీదైనది ఏముంది చెప్పండి? ఒక కారు, ఒక అద్దం, ఒక మంచి నటి. ఆమెకి ఇచ్చిన ఆ అరగంట ఉచితం కాదనుకోండి, దానికి రాత ఉండాలి. మీరు స్క్రిప్టు రెండోసారి తిరగరాస్తే అయ్యే ఖర్చు కాగితాలదే కదా.

పాత్రలు తెలివితక్కువ పనులు చేస్తాయని స్లాషర్ల మీద ఎప్పుడూ ఒక ఫిర్యాదు ఉంటుంది. దాన్ని నేను పూర్తిగా ఒప్పుకోను. ప్రాణభయంలో ఎవరు సరిగ్గా ఆలోచిస్తారు? లారీ కూడా హంతకుడు పడిపోయాడనుకుని పక్కనే కత్తి వదిలేస్తుంది, చూస్తున్నవాళ్లు తల పట్టుకుంటారు, కానీ అప్పటికే ఆమె ఎంత వణికిపోయి ఉందో చూశాం కాబట్టి క్షమిస్తారు. క్షమించలేనిది వేరే. ముందు సీన్‌లో తెలివిగా ఉన్న మనిషి, హత్య జరగాలి కాబట్టి, ఒక్కసారిగా మతిపోయినట్టు ఒంటరిగా చీకట్లోకి నడుస్తుంది. అది ఆమె తప్పు కాదు, రాసినవాళ్ల అవసరం. ఆమెని అక్కడికి నడిపించే కారణం ఒకటి వెతకండి. బయట చిన్నపిల్ల ఏడుపు వినపడిందనో, ఇన్‌హేలర్ కార్లో ఉండిపోయిందనో.

సౌండ్ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. చిన్న బడ్జెట్ సినిమాలో మంచి కెమెరా ఇప్పుడు అందరికీ దొరుకుతోంది, ఫొటోలాగా శుభ్రంగా కనపడుతుంది బొమ్మ. మాటలు మాత్రం బావిలోంచి వచ్చినట్టుంటాయి, అడవిలో నిలబడి మాట్లాడుతుంటే గది గోడల మోత వినిపిస్తుంది, ఎందుకంటే తర్వాత గదిలో డబ్బింగ్ చెప్పారు. ఏం మాట్లాడుకుంటున్నారో వినపడక సౌండ్ పెంచితే, అంతలో ఒక పిల్లి దూకుతుంది, దాంతోపాటు చెవులు చిల్లులు పడేలా ఒక మోత. ఉలిక్కిపడతాం, నిజమే. ఎవరి చెవిలో గట్టిగా అరిచినా ఉలిక్కిపడతారు, దాన్ని భయం అనరు. పదిసార్లు అలా చేశాక పదకొండోసారి నిజంగా హంతకుడొచ్చినా మేం చెవులు మూసుకుని కూర్చుంటాం.

కార్పెంటర్ చెప్పుకున్న సంగతే ఒకటుంది. సంగీతం వెయ్యకముందు 'హాలోవీన్'ని ఒక స్టూడియో ఎగ్జిక్యూటివ్‌కి చూపిస్తే ఆమెకి ఏమాత్రం భయం వెయ్యలేదట. ఆ తర్వాత ఆయనే కీబోర్డుల మీద సంగీతం చేసుకున్నాడు, మూడు రోజుల్లో. ఐదు మాత్రల తాళం, వాళ్ల నాన్న చిన్నప్పుడు బోంగో డ్రమ్ముల మీద నేర్పింది. మనకి అలవాటైన నాలుగు మాత్రల నడక కాకపోవడంతో కాలు ఎక్కడ పడుతుందో తెలియనట్టు ఉంటుంది మనసుకి. సినిమా అదే, షాట్లు అవే, భయం తర్వాత వచ్చింది. 1974 నాటి 'ద టెక్సస్ చైన్ సా మసాకర్' చూడండి. మొదటి హత్యకి పట్టేది కొద్ది సెకన్లు. గుమ్మంలో ఒక భారీ మనిషి ఆకారం ప్రత్యక్షమవుతుంది, సుత్తి దెబ్బ, కుర్రాడి కాళ్లు కొట్టుకుంటాయి, లోపలికి ఈడ్చి ఇనప తలుపు దడాలున వేసేస్తాడు. ఆ తలుపు చప్పుడు గుర్తుండిపోయినట్టు ఏ సినిమాలో తెగిన తలా గుర్తుండదు. సెన్సార్ దగ్గర పీజీ, అంటే పెద్దల తోడుతో పిల్లలూ చూడొచ్చన్న రేటింగ్, వస్తుందేమోనన్న ఆశతో దర్శకుడు టోబీ హూపర్ ఆ సినిమాలో రక్తం చాలా తక్కువ చూపించాడు. చూసొచ్చినవాళ్లని అడగండి, రక్తపు మడుగులు చూశామనే చెప్తారు. వాళ్లు చూడలేదు, ఊహించుకున్నారు. కాబట్టి నా మనవి ఏంటంటే, రెండో కెమెరా అద్దెకి తీసుకునే డబ్బుతో సెట్ మీద ఒక మంచి సౌండ్ రికార్డిస్ట్‌ని పెట్టుకోండి.

చీకటి గురించి ఒక్క మాట. చీకటిగా ఉండటం వేరు, ఏమీ కనపడకపోవడం వేరు. మెట్లు ఎటున్నాయో, వెనక తలుపు ఎక్కడుందో పగటి సీన్లలోనే మాకు చూపించేస్తే రాత్రి ఆమె ఎటు పరిగెత్తాలో మాకూ తెలుస్తుంది, ఎటు పరిగెత్తకూడదో కూడా. అది లేకపోతే నల్లటి తెర మీద అరుపులు వింటూ కూర్చోవడమే.

ఎఫెక్ట్స్ దగ్గర మాత్రం మీలో చాలామందికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. లేటెక్స్, గొట్టాలు, తయారుచేసిన రక్తంతో మీరు చేసే పని ఈ రకం సినిమాకే గర్వకారణం. 1980లో 'ఫ్రైడే ద థర్టీన్త్'కి టామ్ సావినీ చేసిన పనిని ఇప్పటికీ చూసి నేర్చుకుంటున్నారు. 2022 నాటి 'టెరిఫైయర్ 2' రెండున్నర లక్షల డాలర్ల బడ్జెట్‌తో తీసి కోటి డాలర్లు దాటించింది, దాని దర్శకుడు డేమియన్ లియోన్ స్వయంగా మేకప్ ఎఫెక్ట్స్ మనిషి. ఆయనలో నాకు నచ్చింది ఇంకోటి. మొదటి భాగంలో పాత్రలు పలచగా ఉన్నాయన్న విమర్శని చెవిన పెట్టి, రెండోదానిలో సియెన్నా అనే అమ్మాయికి ఇల్లూ, తమ్ముడూ, పోయిన తండ్రి జ్ఞాపకాలూ ఇచ్చాడు. రెండు గంటల పద్దెనిమిది నిమిషాల నిడివి ఎక్కువే, కొన్ని హత్యలు సాగదీసినట్టున్నాయి, అయినా ఆమె కోసం కూర్చున్నాను. అదే కంప్యూటర్‌లో అతికించిన రక్తం సంగతికొస్తే, దయచేసి మానెయ్యండి. గాల్లోకి చిమ్మిన రక్తం నేల మీద పడకుండానే మాయమైపోతుంది, తర్వాతి షాట్‌లో చొక్కా ఇస్త్రీ చేసినట్టు తెల్లగా ఉంటుంది. అంతకన్నా కత్తి ఎత్తగానే కట్ చేసి చూస్తున్నవాళ్ల మొహం చూపించండి, పైసా ఖర్చు లేదు.

ఆడవాళ్ల విషయం. ఇది చాలా ఏళ్లుగా ఉన్న మాటే, ఇంకా తీరలేదు. 1980లో విమర్శకులు జీన్ సిస్కెల్, రోజర్ ఈబర్ట్ తమ టీవీ కార్యక్రమంలో ఒక భాగం మొత్తం ఈ సినిమాల్లో ఆడవాళ్లని వేటాడే తీరు మీద విరుచుకుపడ్డారు. వాళ్లిద్దరికీ 'హాలోవీన్' మాత్రం చాలా నచ్చింది. అంటే వాళ్ల కోపం కత్తి మీద కాదు, కెమెరా ఎవరి పక్కన నిలబడిందన్న దాని మీద. మీ సినిమాలో మగవాళ్లని ఒక్క దెబ్బతో పడగొట్టి, ఆడవాళ్ల చావుని మాత్రం నిమిషాల తరబడి, బట్టలు చిరిగేలా, కెమెరా ఒంటి మీద పాకేలా తీస్తున్నారంటే అది భయం కోసం తీసింది కాదని చూసే ప్రతివాళ్లకీ తెలుస్తుంది. ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఒకసారి కొలుచుకోండి, ఏ హత్య ఎంతసేపుందో. 1987లో క్యారల్ క్లోవర్ అనే ప్రొఫెసర్ 'ఫైనల్ గర్ల్' అన్న పేరు పెట్టి, చివరికి మిగిలే ఆ అమ్మాయితోనే మగ ప్రేక్షకులు కూడా తమని పోల్చుకుంటారని రాసింది. ఇంత పెద్ద అవకాశం మీ చేతిలో ఉంది. ఆమెని మంచమ్మాయి కాబట్టి మిగిల్చి, మిగతావాళ్లని ముద్దు పెట్టుకున్నందుకు చంపే పాత లెక్క ఇంకెన్నాళ్లు?

హంతకుడికి కారణం చెప్పాలన్న తొందర కూడా తగ్గించుకోండి. 1974 నాటి 'బ్లాక్ క్రిస్మస్'లో హంతకుడెవరో చివరిదాకా చూపించరు, ఫోన్‌లో వినిపించే ఆ గొంతులు తప్ప. సినిమా అయ్యాక కూడా వెంటాడేది అదే. మీ సినిమాల్లో ముప్పావు సినిమా దాకా బానే ఉండి, అప్పుడొక ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది, చిన్నప్పుడు ఎవరో ఏడిపించారనో, పిచ్చాసుపత్రి నుంచి తప్పించుకున్నాడనో. మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లంటే కత్తి పట్టుకు తిరిగేవాళ్లన్న అబద్ధాన్ని ఈ సినిమాలు ఇన్నేళ్లు మోశాయి, 'హాలోవీన్' కూడా ఇందులో అమాయకమేం కాదు. ఆ జబ్బుతో కష్టపడే మనుషులు, వాళ్ల ఇళ్లవాళ్లు కూడా మీ ప్రేక్షకుల్లో ఉంటారు. కారణం దొరక్కపోతే చెప్పకుండా వదిలెయ్యండి, అది ఇంకా ఎక్కువ భయపెడుతుంది.

ఇంకో సంగతి సెట్ మీద మనుషుల గురించి. 'చైన్ సా' షూటింగ్‌లో ఆ భోజనాల బల్ల సీన్ కోసం ఎండాకాలపు ఉక్కలో ఒక రోజు దాటి ఏకధాటిగా పనిచేశారు, కుళ్లిన మాంసం వాసన భరిస్తూ. రక్తం వచ్చే గొట్టం పనిచెయ్యక నటి మార్లిన్ బర్న్స్ వేలు నిజంగానే కోశారు. ఈ కథల్ని వీరగాథల్లా చెప్పుకోవడం నాకు నచ్చదు. డబ్బు తక్కువున్న సెట్ మీదే ప్రమాదాలు ఎక్కువ, ఎందుకంటే నిద్రలేని యూనిట్, తొందర, 'ఒక్క టేక్ అన్నా' అనే బతిమాలడం. కత్తికి పదును ఉండకూడదు, స్టంట్లు తెలిసిన మనిషి పక్కన లేకుండా మెట్ల మీంచి ఎవర్నీ పడెయ్యకూడదు, రాత్రంతా షూటింగ్ చేసినవాళ్లని పొద్దున్నే బండి నడుపుకుంటూ ఇంటికి పంపకూడదు. వీటికి డబ్బులు చాలకపోతే సీన్లు తగ్గించుకోండి.

చివరగా మీ ట్రైలర్ల గురించి. ఎవరెవరు చచ్చిపోతారో, దేంతో చచ్చిపోతారో, మాస్క్ వెనక మొహం సగం దాకా, అన్నీ రెండు నిమిషాల్లో వరసగా చూపించేస్తున్నారు. కొత్త మొహాలు కావడం వల్ల ఎవరు బతుకుతారో తెలియదన్న ఆ ఒక్క బలాన్ని సినిమా రాకముందే మీ చేతులతో మీరే పారేసుకుంటున్నారు. ఈసారి ఒక్క సీన్ వెయ్యండి, పూర్తిగా, హత్య లేనిది. ఆ అమ్మాయి ఎవరో, ఏం చేస్తుంటుందో, ఏ ఇంట్లో ఒంటరిగా ఉందో చూపించండి. ఆమె ఏమవుతుందో తెలుసుకోవడానికి టికెట్ కొనుక్కుని మేం వస్తాం.

ఇట్లు,
మీ సినిమాలు ఇష్టపడి చూసే ప్రేక్షకుల్లో ఒకరు